తెర వెనుక ప్రశ్నలు: కరీబియన్ జ్ఞాపకాలు, విశాఖ ఉత్తరాలు

పోయిన నెల ఈ శీర్షికలో రెండు సంగతులు రాశాను. ఒకటి, కరీబియన్ దీవుల నుంచి బ్రిటన్ చేరిన కుటుంబాల మీద తీసిన డాక్యుమెంటరీకి నేను సహనిర్మాతగా చేసిన పని. రెండోది, అలాంటి సినిమాలను ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో చూపించినప్పటి ముచ్చట్లు. ఉత్తరాలు బాగానే వచ్చాయి. మెచ్చుకున్నవారికి కృతజ్ఞతలు, అవి నా దగ్గరే ఉంచుకుంటాను. అడిగినవారికీ, నిలదీసినవారికీ జవాబులు ఇవి. పేర్లు వేయవద్దని చాలామంది కోరారు కనుక అందరివీ ఊరి పేర్లతోనే సరిపెడుతున్నాను.

*ప్రశ్న: విశాఖలో కూర్చుని వెస్టిండీస్ వాళ్ళ వలసల మీద సినిమాలు చూపించడం ఎందుకమ్మా? మన జిల్లా నుంచి వెళ్ళినవారికి కథలు లేవా? ముందు ఇంట్లో దీపం పెట్టి తర్వాత గుడిలో పెట్టమన్నారు కదా.*
*— విశ్రాంత ఉపాధ్యాయులు, అనకాపల్లి*

మాస్టారూ, ఈ ప్రశ్న ఇంకే ఊరి నుంచి వచ్చినా ఊరుకునేదాన్ని. బెల్లం మార్కెట్ ఉన్న ఊరి నుంచి వచ్చింది కాబట్టి కాస్త వాదిస్తాను. కరీబియన్ కథకు మూలం చెరకు. ఆ తోటల కోసం ఆఫ్రికా నుంచి మనుషులను పట్టి తెచ్చి తరతరాలు బానిసలుగా పని చేయించారు. 1834లో బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయిందని ప్రకటించి, అప్రెంటిస్‌షిప్ అనే పేరు తగిలించి మరో నాలుగేళ్ళు అదే పని చేయించారు. 1838 ఆగస్టు 1న వాళ్ళకు పూర్తి విడుదల. ఆ తేదీ రాకముందే, మే 5న, కలకత్తా నుంచి బయలుదేరిన విట్బీ, హెస్పరస్ అనే రెండు ఓడలు దక్షిణ అమెరికా తీరంలోని బ్రిటిష్ గయానాలో మన కూలీలను దించేశాయి. తోటల యజమానులు ఎంత ముందుచూపుతో ఉన్నారో చూడండి. పాత మనిషి చేతిలోని కత్తి కింద పెట్టకముందే కొత్త మనిషి రేవులో దిగాడు.

తర్వాత 1845 మే నెలలోనే జమైకాకు ఒక ఓడ, ట్రినిడాడ్‌కు ఒక ఓడ. 1873లో డచ్చివారి సూరినామ్‌కు. 1917లో ఈ ఒప్పంద కూలీల పద్ధతి ఆగేవరకు కరీబియన్‌కు చేరిన భారతీయులు దాదాపు ఐదు లక్షల మంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆ దీవులవాళ్ళు, ఆఫ్రికా మూలాలవారూ మన మూలాలవారూ, బ్రిటన్ బస్సుల్లో, ఆసుపత్రుల్లో పనికి వెళ్ళారు. లండన్ రవాణా సంస్థ 1956 నుంచి బార్బడోస్‌కే వెళ్ళి మనుషులను ఎంపిక చేసుకుంది. ఒక్క పంట ఇన్ని ఖండాల మనుషులను కదిపింది. ఇందులో అనకాపల్లివారికి సంబంధం లేనిది ఏముంది?

ఇంట్లో దీపం మాట ఒప్పుకుంటాను. రంగూన్‌కూ, మారిషస్‌కూ, నాటాల్‌కూ వెళ్ళిన మనవాళ్ళ మీద సినిమాలు రావాలి. అయితే కరీబియన్ కుటుంబాలవాళ్ళు తమ జ్ఞాపకాల మీద అర్ధ శతాబ్దంగా సినిమాలు తీస్తున్నారు. ప్రభుత్వ కాగితాన్ని ఎంతవరకు నమ్మాలో, ముసలివాళ్ళతో ఎలా మాట్లాడాలో, పాత వార్తా చిత్రాన్ని ఎలా నిలదీయాలో వాళ్ళు చేసి చూపించారు. మన కథకు ఆ పనితనం అరువు తెచ్చుకోవడంలో నామోషీ లేదు.

*ప్రశ్న: మా ముత్తాత ఓడెక్కి వెస్టిండీస్ వెళ్ళి తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన జాడ వెతుకుతూ సినిమా తీయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?*
*— యువకుడు, టెక్కలి*

తమ్ముడూ, కెమెరా కొనకముందు ఒక అనుమానం పెట్టుకో. కరీబియన్ వెళ్ళినవారిలో అత్యధికులు కలకత్తాలో ఓడెక్కారు. మద్రాసులో ఎక్కినవారు వారితో పోలిస్తే తక్కువ. ఫ్రెంచివారు పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి కరీబియన్‌లోని తమ దీవులకు, 1853లో మార్టినీక్‌కూ, 1854లో గ్వాడెలూప్‌కూ పంపడం మొదలుపెట్టారు. గంజాం, విశాఖపట్నం జిల్లాలవాళ్ళ ప్రధాన దారులు బర్మా, మారిషస్, దక్షిణాఫ్రికాలోని నాటాల్. మారిషస్‌లో తెలుగువారిని కోరంగివాళ్ళని పిలిచేవారంటే ఆ గోదావరి రేవు నుంచి ఎంతమంది వెళ్ళారో ఊహించుకోవచ్చు. నాటాల్‌కు 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ చేరింది. ఆ తర్వాత 1911 వరకు అక్కడికి వెళ్ళిన 1,52,184 మంది పేర్లతో జాబితాలు ఉన్నాయి. మీ ఇంట్లో వెస్టిండీస్ అన్నది ఏ దూరదేశమైనా కావచ్చు. క్రికెట్ కామెంటరీ విన్న ఏ పెదనాన్నో తర్వాత కలిపి ఉండవచ్చు కూడా.

వెతకాల్సింది ఎమిగ్రేషన్ పాసు. అందులో ఓడ పేరు, కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా లేదా తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తు ఉంటాయి. గయానా, ట్రినిడాడ్, సూరినామ్, ఫిజీలలో ఉన్న ఇలాంటి రికార్డులను యునెస్కో 2011లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. సూరినామ్ జాబితాను ఇంటర్నెట్‌లోనే వెతకవచ్చు. మారిషస్ రికార్డులు అక్కడి మోకా అనే ఊళ్ళో మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి, కొందరివి ఫోటోలతో సహా. ఇటువైపు కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని పురాలేఖాగారానికి వెళ్ళాలి. అప్పట్లో మనం మద్రాసు రాజధాని కింద ఉన్నాం కదా.

పాసు దొరికిందే అనుకో. దాన్ని తెర మీద చూపించి, వెనక వేణువు వాయించి, నీ కళ్ళలో నీళ్ళు చూపిస్తే సినిమా కాదు. ఆ పాసు రాసినవాడు గుమాస్తా. ఎత్తు కొలిచాడు, మోకాలి మీద మచ్చ రాసుకున్నాడు, పేరు తనకు వినబడినట్టు రాశాడు. ఆ మనిషి ఎందుకు బయలుదేరాడో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. ఐదేళ్ళ ఒప్పందం అయ్యాక ఏం చేశాడు? ఎవరితో కాపురం పెట్టాడు? తిరుగు ప్రయాణానికి హక్కున్న చోట ఎందుకు ఎక్కలేదు? నీ సినిమా అక్కడుంది. ఇక్కడ మిగిలిన భార్య ఎవరైనా ఉంటే, ఆవిడ కథ ఇంకా పెద్దది.

*ప్రశ్న: గయానాలో మద్రాసీల కాళీ పూజల వీడియోలు చూశాం. అక్కడ వాయించే తప్పెట లాంటి వాద్యం మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ళే అని మా బృందం నమ్మకం. ఈ బంధాన్ని నిరూపిస్తూ డాక్యుమెంటరీ తీస్తే ఎలా ఉంటుంది?*
*— విద్యార్థులు, ఆంధ్రా యూనివర్సిటీ*

నిరూపించాలని బయలుదేరితే వకీలు కావాలి, దర్శకుడు అక్కర్లేదు.

ముందు వాద్యాన్ని చూడండి. తప్పెటగుళ్ళ కళాకారుడు తప్పెటను ఛాతీకి కట్టుకుని చేతులతో వాయిస్తాడు, కాళ్ళకు గజ్జెలతో ఎగిరి ఆడతాడు. గయానాలోది గుండ్రటి చట్రానికి మేకతోలు బిగించిన వాద్యం. వాయించేముందు మంట దగ్గర కాచి, రెండు పుల్లలతో కొడతారు. పోల్చాలంటే మన డప్పుకు, పలకకు దగ్గర. అంతమాత్రాన అది ఫలానా ఊరి నుంచి వెళ్ళిందని చెప్పలేం. మద్రాసీలు అన్న ఆ ఒక్క ముద్ర కింద తమిళులూ ఉన్నారు, తెలుగువారూ ఉన్నారు. అదే గుడిలో మారియమ్మ ఉంటుంది, తమిళుల కాపలా దేవుడు మదురై వీరన్ ఉంటాడు.

నేను ఎప్పుడూ పేచీ పెట్టుకునే విషయం ఇదే కాబట్టి కాస్త సాగదీస్తాను. ప్రవాసుల మీద సినిమా అనగానే మనవాళ్ళు చేసేది ఒక్కటే: అక్కడ మనది ఏం మిగిలిందని గాలించడం. ఒక పేరు, ఒక పాట, ఒక పచ్చడి దొరికితే చాలు, చప్పట్లు. అక్కడి మనుషులు మన సరుకును భద్రపరిచే గిడ్డంగులు కారు. నూట యాభై ఏళ్ళలో వాళ్ళు అక్కడ ఏం తయారుచేసుకున్నారో తీయండి. గయానాలోని బెర్బీస్ ప్రాంతపు కాళీ గుళ్ళకు ఆఫ్రికా మూలాలవాళ్ళు కూడా వస్తారు, మొక్కుకుంటారు. వాళ్ళ ముఖాలను కెమెరా కత్తిరించేస్తే మీరు తీసింది గయానా కాదు. ఆ భక్తుల్లో చాలామంది న్యూయార్క్‌లోని క్వీన్స్‌కు మళ్ళీ వలస వెళ్ళి అక్కడ గుళ్ళు కట్టుకున్నారు. మొదటిసారి ఓడెక్కిన అమ్మవారు రెండోసారి విమానం ఎక్కింది. క్వీన్స్‌లో మంట వేసి వాద్యం కాచుకోవాలంటే పక్కింటివాళ్ళతో ఏం తంటాలు పడతారో, ఆ సంగతి నాకు చూడాలని ఉంది. నాలుగు సాక్ష్యాలు పోగుచేసి బంధం కలిపే సినిమా మీద నాకు ఆ ఆసక్తి లేదు.

ఇంకో ఉదాహరణ. ట్రినిడాడ్‌లో మొహర్రంను హోసే అంటారు. వెదురుతో, రంగు కాగితాలతో తాజియాలు, అంటే సమాధి నమూనాలు, కట్టి, తాసా డప్పులతో ఊరేగించి సముద్రంలో కలుపుతారు. హిందువులూ, ఆఫ్రికన్లూ అందులో పాలుపంచుకుంటారు. పీర్ల పండుగ చూసిన తెలుగు ప్రేక్షకుడికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు, చూడగానే ఎక్కుతుంది. కానీ హోసేకు తనదైన చరిత్ర ఉంది. 1884 అక్టోబరు 30న, ఊరేగింపు పట్టణంలోకి రాకూడదన్న ప్రభుత్వ ఆజ్ఞను కాదని సాన్ ఫెర్నాండోలోకి వస్తున్న చెరకు తోటల కూలీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పదిమందికి పైగా చనిపోయారు. ఇది మన పీర్ల పండుగలో లేని అధ్యాయం. మీ కెమెరా పోలిక దగ్గర ఆగితే ఈ అధ్యాయానికి చేరదు.

*ప్రశ్న: మా నాయనమ్మ 1942లో చిన్నపిల్లగా బర్మా నుంచి కాలినడకన వచ్చింది. ఆ సంగతులు రికార్డు చేద్దామంటే కెమెరా చూడగానే నోరు కట్టేసుకుంటుంది. 'ఏముందే, నడిచాం, వచ్చాం' అంటుంది. మీ కరీబియన్ సినిమాలో పెద్దవాళ్ళు ఎలా మాట్లాడారు?*
*— గృహిణి, బర్మా క్యాంపు, కంచరపాలెం*

వాళ్ళూ మొదట మాట్లాడలేదమ్మా. బ్రిటన్‌లో అద్దె గదుల తలుపుల మీద నల్లవాళ్ళకు ఇవ్వబడదు అన్న బోర్డులు చూసినవాళ్ళు ఆ మాటను పిల్లలకు చెప్పుకోలేదు. పిల్లలు పుస్తకాల్లో చదివి వచ్చి అడిగితే, అవును అన్నారంతే. పెద్దవాళ్ళు దాచారనుకోవద్దు. కొందరికి అది చెప్పదగ్గ సంగతిగా తోచదు, కొందరికి మళ్ళీ ఆ దారి నడవాలని ఉండదు.

కాబట్టి నడక గురించి అడగడం మానేయండి. వస్తువుల గురించి అడగండి. దక్షిణ లండన్‌లో గయానా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఇంట్లో మేము చేసింది చెబుతాను. కరీబియన్ కుటుంబాల ఇళ్ళలో ముందు గది అంటే గుడి లెక్క. పిల్లలకు ప్రవేశం లేదు. సోఫా మీద ప్లాస్టిక్ తొడుగు, గాజు చేప బొమ్మలు, రేడియోగ్రామ్, బల్ల మీద క్రోషే అల్లికలు. ఆ అల్లికల అంచులు పూరేకుల్లా పైకి లేచి నిలబడి ఉన్నాయి. అవి అలా ఎలా నిలబడ్డాయని మా సౌండ్ రికార్డిస్టు ఊరికే అడిగాడు. ఆవిడ లేచి వంటింట్లోకి తీసుకువెళ్ళింది. చక్కెర నీళ్ళు మరిగించి, పాకం కాకముందే దించి, అల్లికను ముంచి, నీళ్ళు పిండేసి, గిన్నె మీద బోర్లించి అంచులు వేళ్ళతో లాగి ఆరబెడతారట. చేస్తూ చేస్తూ, వాళ్ళమ్మ తోటలో ఏ పని చేసేదో, చక్కెర ఇంటికి ఎలా వచ్చేదో, లండన్ చలిలో మొదటి ఏడాది ఇది ఆరడానికి ఎన్ని రోజులు పట్టేదో చెప్పుకుపోయింది. అప్పటికి కెమెరా ముందు గదిలోనే ఉంది. మైకు మాత్రం ఆవిడ వెంటే నడిచింది. సినిమాలో ఆ మాటలు వింటుంటే తెర మీద ఆవిడ ముఖం ఉండదు, ఆరుతున్న అల్లిక ఉంటుంది.

మీ నాయనమ్మ దగ్గరా ఏదో ఒక డబ్బా, ఒక లుంగీ, ఒక వంట ఉండే ఉంటుంది. ముందు ఫోనులో శబ్దం మాత్రమే రికార్డు చేయండి. ఫ్యాను ఆపండి, ఫ్రిజ్ ప్లగ్గు తీయండి, కుక్కరు పెట్టకండి. మాటలు అయ్యాక ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఆ గది శబ్దాన్ని కూడా పట్టుకోండి. ఎడిటింగ్‌లో అతుకులు వేయడానికి అదే పనికొస్తుంది. ఆవిడ మౌనంగా ఉంటే రెండో ప్రశ్న అందించకండి. మనకు మౌనం భరించలేని జబ్బు ఉంది.

ఇంకొకటి, ఇందులో బేరం లేదు. బయట ఎవరికైనా చూపించకముందు ఆవిడకు చూపించాలి. ఈ ముక్క వద్దంటే తీసేయాలి. ఒక కాపీ మీ ఇంట్లో ఉండాలి. మాతో పనిచేసిన ఒక చానల్‌వాళ్ళు ఇది అనవసరపు ఆలస్యం అన్నారు. అలాంటి చోట నిర్మాత ఉద్యోగం ఆలస్యం చేయడమే.

*ప్రశ్న: విండ్‌రష్ ఓడ వచ్చినప్పటి పాత వీడియోలు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. నా చిన్న సినిమాలో వాడుకోవచ్చా? అంత పాతవాటికి కూడా డబ్బు కట్టాలా?*
*— షార్ట్ ఫిల్మ్ దర్శకుడు, గాజువాక*

కట్టాలి. కనబడినంత మాత్రాన ఉచితం కాదు. పాత వార్తా చిత్రాలకు యజమానులు ఉన్నారు. లైసెన్సు ధర సెకన్ల లెక్కన, లేదా నిమిషాల లెక్కన, ఎన్ని దేశాల్లో, ఎన్నేళ్ళు, ఏ మాధ్యమంలో చూపిస్తారన్నదాన్ని బట్టి మారుతుంది. ఫిల్మోత్సవాలకు మాత్రమే తీసుకుంటే తక్కువలో వస్తుంది. తర్వాత టీవీకి అమ్మేటప్పుడు మళ్ళీ మాట్లాడుకోవాలి. పాట ఉంటే ఇంకో తంటా: బాణీ, సాహిత్యం హక్కు ఒకరిది, రికార్డింగు హక్కు మరొకరిది కావచ్చు. ఎడిటింగ్ మొదలుపెట్టకముందే ఉత్తరాలు రాయండి. ఒక షాటుకు మనసు అతుక్కున్నాక బేరం ఆడలేరు.

డబ్బు కంటే పెద్ద చిక్కు వేరే ఉంది. కరీబియన్ నుంచి వలస వచ్చినవారితో 1948 జూన్ 22న లండన్ దగ్గరి టిల్బరీ రేవులో ఎంపైర్ విండ్‌రష్ ఓడ నుంచి దిగినవారిలో లార్డ్ కిచెనర్ అనే ట్రినిడాడ్ గాయకుడు ఉన్నాడు. కాలిప్సో అనే అక్కడి పాటలు పాడేవాడు. వార్తా చిత్రం కెమెరా ముందు లండన్‌ను పొగుడుతూ పాడాడు. చక్కటి దృశ్యం, సందేహం లేదు. అందుకే దాన్ని వాడని కార్యక్రమం లేదు. వాడి వాడి, ఆ తరమంటే సూటు, టోపీ వేసుకున్న నవ్వు ముఖపు మగవాళ్ళే అనిపించేలా చేశారు. అదే ఓడలో ఆడవాళ్ళూ ఉన్నారు, మెక్సికో నుంచి ఎక్కిన పోలండ్ శరణార్థులూ ఉన్నారు. కెమెరా ఎటు తిరగలేదో మీ సినిమా చెప్పగలిగితేనే ఆ షాటు కొనండి.

ఇంకా ముందుకు వెళ్ళండి. ఆ తరంవారు వచ్చినప్పటి ల్యాండింగ్ కార్డులను బ్రిటన్ హోం శాఖ 2010లో ధ్వంసం చేసింది. తర్వాత కొన్నేళ్ళకు, పిల్లలుగా చట్టబద్ధంగా వచ్చి అక్కడే ముసలివాళ్ళయినవారిని, మీరు ఇక్కడ ఉన్నారనడానికి ఏడాదేడాదికీ రుజువులు చూపమన్నారు. ఉద్యోగాలు పోయాయి, వైద్యం ఆగింది, కొందరిని దేశం నుంచి పంపించేశారు. 2018లో అది పెద్ద కుంభకోణంగా బయటపడింది. అలాంటి చోట ఇంటి ఆల్బం, జీతం చీటీ, బడి ఫోటో సాక్ష్యాలయ్యాయి. పాత వార్తా చిత్రం కంటే ఒక బడి ఫోటో వెనక పెన్సిలుతో రాసిన తేదీ మీ సినిమాకు ఎక్కువ పనికిరావచ్చు. దానికి లైసెన్సు ఫీజు కూడా ఉండదు, ఇంటివాళ్ళు కాఫీ ఇచ్చి మరీ చూపిస్తారు. అనుమతి మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి.

*ప్రశ్న: మా ఫిల్మ్ క్లబ్బు తరఫున కరీబియన్ ప్రవాసుల సినిమాలతో రెండు సాయంత్రాల ప్రదర్శన పెట్టాలనుకుంటున్నాం. ఏ సినిమాలు, ఏ వరుసలో?*
*— ఫిల్మ్ క్లబ్బు నిర్వాహకురాలు, ఎంవీపీ కాలనీ*

మొదటి సాయంత్రం ఒక్క సినిమానే పెట్టండి. మార్టినీక్ దర్శకురాలు ఉజాన్ పాల్సీ 1983లో తీసిన రూ కాజ్ నెగ్ర్. 1930ల చెరకు తోటల్లో ఒక పిల్లవాడు, వాడిని చదివించడానికి నడుం విరుచుకునే అమ్మమ్మ. వెనిస్ చిత్రోత్సవంలో వెండి సింహం బహుమతి గెలుచుకుంది. ఉపన్యాసం అక్కర్లేకుండా చెరకు అంటే ఏమిటో, చదువు అంటే ఏమిటో ప్రేక్షకుడికి ఎక్కించే సినిమా. విశాఖ ప్రేక్షకులు ఆ అమ్మమ్మను చూడగానే మీ చేతికి వచ్చేస్తారు.

రెండో సాయంత్రం బ్రిటన్. ట్రినిడాడ్‌లో పుట్టిన హోరేస్ ఓవే 1970ల మధ్యలో తీసిన ప్రెషర్, విరామం తర్వాత జాన్ అకొంఫ్రా దర్శకత్వంలో బ్లాక్ ఆడియో ఫిల్మ్ కలెక్టివ్ అనే నల్లజాతి కళాకారుల బృందం 1986లో తీసిన హ్యాండ్స్‌వర్త్ సాంగ్స్. మొదటిది కథ: లండన్‌లో పుట్టిన కుర్రవాడికీ, ట్రినిడాడ్‌లో పుట్టిన అన్నకూ మధ్య దూరం. రెండోది గంట నిడివి డాక్యుమెంటరీ. బ్రిటన్‌లో జరిగిన 1985 అల్లర్ల మీద మొదలై పాత వార్తా చిత్రాలను, ఫోటోలను కొత్త శబ్దంతో కలిపి ప్రశ్నిస్తుంది. గాజువాక దర్శకుడు కూడా దీన్ని చూడాలి. వరుస తిప్పితే ప్రేక్షకులు తప్పిపోతారు. కథలో మనుషులను కలిశాకే ఆ రెండోది బోధపడుతుంది.

హక్కుదారుల నుంచి బహిరంగ ప్రదర్శనకు అనుమతి తీసుకోండి. ఇంట్లో చూడటానికి కొన్న డిస్కు దానికి చెల్లదు. దాన్ని చిత్రోత్సవంగా పెడితే, సెన్సారు కాని సినిమాలకు కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు అడగాలి. దానికి సమయం పడుతుంది. తెలుగు సబ్‌టైటిల్స్ వేస్తే, ఇంగ్లీషు రాని ఇద్దరిని కూర్చోబెట్టి ముందే చూపించండి. వాళ్ళు చదవడం పూర్తికాకముందే వాక్యం మారిపోతే ఆ వాక్యాన్ని కత్తిరించాలి.

ఇక నా బాధ. మన ఊళ్ళో సభ అంటే జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, పుష్పగుచ్ఛాలు, నలుగురు వక్తలు. ముప్పావు గంట గడిచేసరికి వెనక వరుసవాళ్ళు బస్సు చూసుకుంటారు. పరిచయం ఐదు నిమిషాలు మించనివ్వకండి. సినిమా అయ్యాక మైకు మొదట ప్రొఫెసర్‌గారికి ఇవ్వకండి, చివరి వరుసకు పంపండి. పౌర గ్రంథాలయంలో మా ప్రదర్శన తర్వాత మొదట మాట్లాడింది ఫిషింగ్ హార్బర్‌లో పనిచేసే ఒకాయన. ఓడ అడుగు అరలో అంతమంది నెలల తరబడి ఉంటే తాగునీరు ఎలా సరిపెట్టారు అని అడిగాడు. ఆ సాయంత్రం చర్చంతా అక్కడి నుంచే నడిచింది.

*ప్రశ్న: నాన్నగారు తీసిన పాత వీహెచ్ఎస్ క్యాసెట్లు ఉన్నాయి. తెల్లటి బూజు పట్టాయి. తుడిచి ప్లేయర్‌లో వేయవచ్చా?*
*— భీమిలి*

వేయకండి. బూజు ప్లేయర్ హెడ్‌కు అంటి, తర్వాత వేసే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. మన తీరపు తేమలో ఇది మామూలే. విడిగా కవర్లలో పెట్టి, పొడిగా ఉండే గదిలో నిలువుగా నిలబెట్టి, శుభ్రం చేసి డిజిటల్‌కు మార్చే అనుభవం ఉన్నవారికే ఇవ్వండి. వచ్చిన ఫైళ్ళను రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకదాన్ని వేరే ఊళ్ళో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచండి. క్యాసెట్ మీద నాన్నగారి చేతిరాత ఉంటే దానికి ముందు ఫోటో తీయండి. ఫిల్ము రీళ్ళు కూడా ఉండి, డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వస్తే, వాటిని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయండి. ఆ పాడవడం ఆగదు, ముందుగా మార్చాల్సింది అదే.

*ప్రశ్న: మా బడి పిల్లలకు క్రికెట్ పిచ్చి. వెస్టిండీస్ జట్టులో చందర్‌పాల్, నరైన్ లాంటి పేర్లు ఎలా వచ్చాయని అడుగుతున్నారు. పిల్లలకు చూపించేలా ఏదైనా చేయగలమా?*
*— ఉపాధ్యాయిని, మధురవాడ*

స్టేడియం పక్కనే ఉన్న బడి కదా, పిచ్చి ఉండక ఏమవుతుంది. ఆ పేర్లు పైన చెప్పిన ఓడలెక్కి వెళ్ళిన కూలీల వారసులవి. 2018 అక్టోబరు 24న అక్కడే కోహ్లి 157 కొట్టినా, చివరి బంతికి వెస్టిండీస్ ఆటగాడు షై హోప్ ఫోరు కొట్టి మ్యాచ్‌ను టై చేశాడు. ఆ మ్యాచ్‌తోనే మొదలుపెట్టండి. అక్కడి నుంచి 1950కి వెళ్ళండి. ఆ ఏడాది లార్డ్స్‌లో వెస్టిండీస్ మొదటిసారి గెలిచింది. ట్రినిడాడ్ చెరకు ఊళ్ళో పుట్టిన సోనీ రామదిన్ ఆ మ్యాచ్‌లో 11 వికెట్లు తీశాడు. వెస్టిండీస్‌కు ఆడిన మొదటి భారతీయ మూలాల ఆటగాడు అతనే. గెలవగానే లండన్‌లో ఉన్న కరీబియన్లు మైదానంలోకి దిగి పాడుకుంటూ ఆడారు. ఆ గెలుపు మీద కాలిప్సో పాట వచ్చింది.

పిల్లలకు ఇరవై నిమిషాలు దాటనివ్వకండి. పేర్ల చరిత్ర పది నిమిషాలు, మిగతాది స్టీల్‌పాన్. ట్రినిడాడ్ కుర్రవాళ్ళు 1930, 40లలో పారేసిన డబ్బాలను, నూనె పీపాలను సుత్తితో కొట్టి స్వరాలు పలికించిన వాద్యం అది. తోటల యజమానులకూ పోలీసులకూ డప్పులంటే గిట్టక వాటిని నిషేధించడం దీని వెనక కథ. మన పిల్లలు రిఫైనరీ వైపు వెళితే రోజూ పీపాలు చూస్తారు. పాత పీపా మూత ఒకటి శుభ్రం చేయించి, అంచులు గీసుకోకుండా రుద్దించి తరగతికి తీసుకెళ్ళండి. మధ్యలో కొడితే ఒక శబ్దం, అంచు దగ్గర కొడితే ఇంకొకటి. వీడియో దాని తర్వాత వేయండి. మీ గదిలో ఫ్యాన్ల హోరు ఎక్కువైతే స్పీకర్లను ముందు బల్ల మీద కాకుండా గదికి రెండు పక్కలా మధ్య వరుసల దగ్గర పెట్టించండి. వెనక కూర్చున్నవాళ్ళకూ వినబడుతుంది.